కాలువలు కట్టేసేలోపు లాన్ స్ప్రింక్లర్లలో లోపాలు ఎలా పట్టుకోవాలి?

పచ్చిక_తణుకు (తణుకు) – ఫిబ్రవరి 9, ఉదయం 6:50

అందరికీ నమస్కారమండి. మా ఇంటి ముందు సుమారు 250 గజాల లాన్ ఉంది, కొరియన్ గడ్డి. బోరు నీళ్లు సంపులోకి వస్తాయి, అక్కణ్నుంచి ఒక హెచ్‌పీ మోటారుతో నాలుగు లైన్లలోకి వెళ్తాయి. ఒక్కో లైనుకీ ఒక సోలినాయిడ్ వాల్వు (కరెంటుతో తెరుచుకునేది), గోడకి టైమరు, నేలలో పాప్‌అప్ స్ప్రింక్లర్లు (నీళ్లు వదిలితే పైకి లేచేవి). చూడ్డానికి అన్నీ పనిచేస్తున్నట్టే ఉంటాయి. కానీ మే నెల వచ్చేసరికి గడ్డి గుండ్రటి మచ్చలుగా ఎండిపోతోంది. టైము పెంచితే గేటు దగ్గర బురదవుతోంది తప్ప మచ్చలు పోవట్లేదు.

శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్లిపోతుందంటారు కదా. ఆ తర్వాత ఎండ ముదిరితే మేస్త్రీలు దొరకరు. దొరికినా నడివేసవిలో లాన్ తవ్వితే ఆ చోట గడ్డి మళ్లీ పట్టుకోవడం కష్టం. అందుకే ఇప్పుడే చూసుకుందామని. ఎక్కణ్నుంచి మొదలుపెట్టాలి? యూట్యూబ్‌లో కనిపించేవన్నీ మంచు పడే దేశాలవి, చలికి పైపులు పగలడం గురించి చెబుతున్నారు. మన నేలకి, మన నీళ్లకి తగ్గట్టు చెప్పండి.

పైపుల_మేస్త్రి (మండపేట) – ఫిబ్రవరి 9, రాత్రి 8:15

గునపం పట్టుకోకముందు కళ్లతో చూడాల్సింది చాలా ఉందండి. టైమరు మీద మాన్యువల్ అని ఉంటుంది. దాంట్లో ఒక్కో లైనూ విడిగా ఐదు నిమిషాలు వదలండి. వదిలేసి లోపలికి వెళ్లిపోకండి, ఆ లైను వెంట నడుస్తూ ప్రతి స్ప్రింక్లర్ హెడ్ దగ్గరా ఆగండి.

హెడ్ పూర్తిగా పైకి లేచిందా చూడండి. సగమే లేస్తే మెడ దగ్గర ఇసుక పట్టినట్టు, లేదా ఆ లైన్లో ప్రెషరు చాలనట్టు. ఒక్క హెడ్డే అలా ఉంటే ఇసుక, లైనంతా అలాగే ఉంటే ప్రెషరు. తర్వాత అది నిటారుగా ఉందో లేదో చూడండి. కారు చక్రమో గడ్డి మిషనో తగిలి ఒరిగిపోతే ఒక పక్క కాళ్ల దగ్గరే కొట్టి గుంట చేస్తుంది, రెండో పక్క నీళ్లు గాల్లోకి పోతాయి. గోడ మీద, రోడ్డు మీద పడే నీళ్లు లాన్‌కి రానట్టే, నాజిల్ తిప్పి సరిచేసుకోవాలి. నీళ్లు చినుకుల్లా కాక పొగలా లేస్తుంటే ప్రెషరు ఎక్కువైందని అర్థం. ఆ పొగ సగం గాలికే పోతుంది. గేట్ వాల్వు కొంచెం బిగిస్తే తగ్గుతుంది.

ఇక లైను ఆపాక చూడాల్సింది ఇంకోటుంది. పల్లంలో ఉన్న హెడ్ నుంచి కాసేపు కారి ఆగిపోతే అది పైపులో మిగిలిన నీరే, భయం లేదు. గంట తర్వాత కూడా కారుతుంటే వాల్వు పూర్తిగా మూసుకోవట్లేదు. మీ గేటు దగ్గర బురద అన్నారు, అది పల్లమేనా?

పచ్చిక_తణుకు – ఫిబ్రవరి 9, రాత్రి 9:02

అవునండి, అదే పల్లం. అక్కడిది ఒకటో లైను. రెండో లైను నడుస్తున్నప్పుడు కూడా ఒకటో లైను చివరి హెడ్ నుంచి సన్నగా నీరు వస్తుంటుంది. మామూలేననుకున్నాం.

పైపుల_మేస్త్రి – ఫిబ్రవరి 9, రాత్రి 9:20

అది మామూలు కాదండి. ఒకటో లైను వాల్వు కారుతోంది. మోటారు ఆపి, మెయిన్ స్విచ్ కట్టేసి వాల్వు మూత స్క్రూలు విప్పండి. లోపల స్ప్రింగు ఉంటుంది, ఎగిరి గడ్డిలో పడకుండా చేత్తో పట్టుకోండి. దాని కింద నల్లటి రబ్బరు డయాఫ్రం. ఆ రబ్బరు కూర్చునే అంచు చుట్టూ గోరుతో తడిమి చూడండి. ఆవగింజంత ఇసుక రేణువో, పైపు కోసినప్పుడు రాలిన తెల్లటి పీవీసీ పొట్టో అక్కడ ఇరుక్కుని ఉంటుంది. అది చాలు వాల్వు రాత్రంతా కారడానికి. కడిగి, రబ్బరు అంచు చిరగలేదని చూసుకుని, తీసిన వైపే మళ్లీ పెట్టి స్క్రూలు ఎదురెదురుగా బిగించండి. రబ్బరు చిరిగితే డయాఫ్రం ఒక్కటే మార్చొచ్చు. కొత్త వాల్వు కొనమని ఎవరన్నా తొందరపడకండి.

కాలువగట్టు (రాజమహేంద్రవరం) – ఫిబ్రవరి 10, ఉదయం 5:40

నీటిపారుదల శాఖలో పనిచేసి రిటైరయ్యాను. మేస్త్రి గారు హెడ్ల సంగతి చక్కగా చెప్పారు. ఈ పని ఇప్పుడే ఎందుకు చేసుకోవాలో నేను చెబుతాను.

గోదావరి మీద ధవళేశ్వరం కింద తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాల కాలువలు దాళ్వా (రెండో పంట వరి) అయ్యాక, మామూలుగా ఏప్రిల్‌లో కట్టేస్తారు. పూడికతీత, గట్ల పనులు, లాకుల మరమ్మతులు అయ్యాక జూన్‌లో మళ్లీ వదులుతారు. తేదీలు ఏటా మారుతుంటాయి. కాటన్ దొర ఆనకట్ట 1852లో పూర్తయినప్పటి నుంచి ఈ కాలువల నీరు పొలాలకి పారడమే కాదు, భూమిలోకి ఇంకి మన బావుల్నీ, లోతు తక్కువ బోర్లనీ నింపుతూ వచ్చింది. కాలువ కట్టేశాక ఆ ఊట తగ్గిపోతుంది. బోరులో మట్టం దిగుతుంది. సముద్రానికి దగ్గరి ఊళ్లలో అయితే పైనున్న మంచినీటి పొర పల్చబడి, తోడేకొద్దీ కింద నుంచి ఉప్పునీరు పైకి వస్తుంది. ఫిబ్రవరిలో బోరు ఇచ్చే నీరూ, మేలో ఇచ్చే నీరూ ఒకటి కాదు.

కాబట్టి నీళ్లు బాగున్న ఈ రోజుల్లోనే కొలతలు తీసి రాసి పెట్టుకోండి. మేలో లాన్ వాడితే తప్పు బోరుదో, పైపులదో ఆ కాగితం చూస్తే తెలిసిపోతుంది. కాగితం లేకపోతే అందరూ ఊహలే చెబుతారు.

సంపు ఉంది కాబట్టి కొలవడం తేలిక. బోరు మోటారు ఆపి, సంపులో కర్ర దించి నీటిమట్టం గుర్తు పెట్టండి. ఒక లైను పది నిమిషాలు వదిలి మళ్లీ కొలవండి. సంపు లోపల 2 మీటర్లు × 2 మీటర్లు ఉంటే, మట్టం ఒక సెంటీమీటరు తగ్గితే 40 లీటర్లు పోయినట్టు. 6 సెంటీమీటర్లు తగ్గితే 240 లీటర్లు, అంటే నిమిషానికి 24 లీటర్లు. నాలుగు లైన్లకీ ఇలాగే తీయండి. మోటారు దగ్గర ఒక ప్రెషరు గేజ్ పెట్టించుకోండి, దాని ఖర్చు ఎక్కువేం కాదు. ఆ రెండు అంకెలూ కలిపి చదవాలి. నీళ్లు మామూలు కంటే ఎక్కువ పోతూ గేజ్ తక్కువ చూపిస్తే నేలలో ఎక్కడో పగులు ఉంది. నీళ్లు తక్కువ పోతూ గేజ్ ఎక్కువ చూపిస్తే ఫిల్టరో నాజిళ్లో మూసుకుపోయాయి. రెండూ తగ్గితే మోటారు వైపు చూడాలి: ఫుట్ వాల్వు, గాలి పీల్చడం, వోల్టేజీ, అరిగిన ఇంపెల్లర్.

అమలాపురం_అక్క (అమలాపురం) – ఫిబ్రవరి 10, మధ్యాహ్నం 1:30

కాలువగట్టు గారూ, ఆ చివరి మాటలు మా ఇంట్లో గోడకి రాసి పెట్టుకోవాల్సినవి. మాకు సంపు లేదండి, మేడ మీద ట్యాంకు నుంచే లాన్‌కి పైపు వేశారు. స్ప్రింక్లర్ అసలు సరిగా తిరగదు. ఫిల్టరు మార్చాం, నాజిళ్లు మార్చాం, అయినా అంతే. తప్పు ఎక్కడుందంటారు?

పైపుల_మేస్త్రి – ఫిబ్రవరి 10, సాయంత్రం 7:45

ఎత్తులో ఉందండి అక్కగారూ. పది మీటర్ల ఎత్తు నీటికి దాదాపు ఒక కిలో (చదరపు సెంటీమీటరుకి) ప్రెషరు వస్తుంది. రెండంతస్తుల మేడ మీద ట్యాంకుంటే మీకు వచ్చేది ముప్పావు కిలో, మహా అయితే ఒక కిలో. పాప్‌అప్ స్ప్రేకి సుమారు రెండు కిలోలు కావాలి, తిరిగే రోటర్లకి ఇంకా ఎక్కువ. ఎన్ని నాజిళ్లు మార్చినా ఆ ట్యాంకుతో అవి తిరగవు. లైను మొదట్లో చిన్న ప్రెషరు పంపు పెట్టించండి. లాన్ చిన్నదైతే స్ప్రింక్లర్లు తీసేసి గొట్టంతో తడుపుకోవడం మేలు.

పంపు మాత్రం ట్యాంకు నుంచి వచ్చే లైనుకే పెట్టాలి. మున్సిపల్ కుళాయికి నేరుగా మోటారు బిగిస్తే పక్కింటి వాళ్ల నీళ్లు లాగేసినట్టే. పైగా లాన్ లైన్లోని మురికి వెనక్కి తాగే నీళ్లలోకి వచ్చే ప్రమాదం ఉంది.

భీమవరం_బోరు (భీమవరం) – ఫిబ్రవరి 10, రాత్రి 10:10

మా దగ్గర కథ వేరండి. చుట్టూ రొయ్యల చెరువులు, బోరు నీళ్లు ఉప్పన. గడ్డి కొసలు ముందు మాడతాయి, ఎండిన చోట నేల మీద తెల్లగా ఉప్పు పూస్తుంది. చాలామంది అది నీళ్లు చాలకనుకుని అవే నీళ్లు ఇంకా పెడతారు. నీళ్లలో కరిగిన లవణాలు ఎంతో చూపించే చిన్న టీడీఎస్ మీటరు కొనుక్కోండి. ఎఫ్‌ఏఓ (ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ) లెక్క ప్రకారం సాగునీటిలో టీడీఎస్ లీటరుకి 450 మిల్లీగ్రాముల లోపు ఉంటే ఏ ఇబ్బందీ లేదు. 450 నుంచి 2000 దాకా జాగ్రత్తగా వాడాలి. 2000 దాటితే మామూలు మొక్కలకి కష్టమే. మేము నెలకోసారి చూస్తాం. కాలువ కట్టాక అంకె పెరుగుతూ పోవడం కళ్ల ముందే కనిపిస్తుంది.

ఉప్పు నీళ్లున్నవాళ్లు మధ్యాహ్నం స్ప్రింక్లర్ వేయకండి. ఆకు మీద నీరు ఆవిరై ఉప్పు మిగిలి మాడ్చేస్తుంది. తెల్లవారుజామునే వేయాలి. కాలువ నీరో వాన నీరో దొరికినప్పుడు ఒకసారి బాగా పారేలా పెడితే వేళ్ల దగ్గర చేరిన ఉప్పు కిందికి దిగుతుంది. నేల మురుగు పోయేలా ఉంటేనే సుమా, లేకపోతే నీరు నిలిచి ఇంకో తంటా. ఆర్‌ఓ మిషను వదిలే నీళ్లు లాన్‌కి పోసేవాళ్లున్నారు, మా వైపు అది అస్సలు వద్దు. ఉన్న ఉప్పంతా దాంట్లోనే ఉంటుంది.

కడియం_మొక్కలు (కడియపులంక) – ఫిబ్రవరి 11, ఉదయం 6:20

నర్సరీ పనిలో ఉన్నాం. లాన్లు వేసి ఇస్తుంటాం కూడా. తణుకు గారి గుండ్రటి మచ్చల సంగతి నేను చెబుతాను.

మచ్చ ఆకారం చూస్తే సగం విషయం తెలుస్తుంది. రెండు హెడ్ల మధ్య ఎండితే నీరు అక్కడిదాకా చేరట్లేదు. ఒక హెడ్ చిమ్మిన నీరు పక్క హెడ్ మొదలు దాకా వెళ్లాలి, అప్పుడే మధ్యలో రెండు వైపుల నీళ్లూ కలుస్తాయి. హెడ్‌కి ఆనుకునే ఎండితే నాజిల్ తప్పు, దగ్గర పడాల్సిన నీరు పడట్లేదు. పైపు వెంట సన్నటి గీతలా మరీ పచ్చగా ఉంటే కింద పైపు చెమరుస్తోంది. ఏ వరసా లేకుండా అక్కడక్కడా ఎండి, గడ్డి పట్టి లాగితే వేళ్లతో సహా చాపలా లేచొస్తే అది నీళ్ల సమస్య కాదు, కింద పురుగుంది. నీళ్లు పెంచితే ఇంకా పాడవుతుంది.

మన వైపు ఇంకో లోపం చాలా ఎక్కువ. ఏటా లాన్ మీద ఎర్రమట్టి, పశువుల ఎరువు కలిపి పల్చగా చల్లిస్తాం కదా, అలా కొన్నేళ్లకి నేల మట్టం పెరిగి హెడ్లు లోపలికి పోతాయి. హెడ్ లేచినా నాజిల్ గడ్డి కొసల కంటే కిందే ఉంటుంది. నీళ్లు గడ్డికే తగిలి అక్కడే పడిపోతాయి. చుట్టూ చేయి వెడల్పున తవ్వి, కింద రైజరు ముక్క (హెడ్‌ని పైపుకి కలిపే నిలువు ముక్క) మార్చి ఎత్తు పెంచితే సరిపోతుంది. మా దగ్గరికి "గడ్డి జబ్బు" అని మందు కోసం వచ్చేవాళ్లలో ఎంతోమందికి కావలసింది ఈ రైజరు ముక్కే.

గడ్డికి దాహం వేసింది ముందే తెలుసుకోవాలంటే సాయంత్రం లాన్ మీద నడిచి వెనక్కి చూడండి. అడుగు పడిన చోట గడ్డి వెంటనే లేస్తే నీళ్లున్నాయి. అడుగుల గుర్తులు అలాగే ఉండిపోయి, రంగు కొంచెం నీలం బూడిదగా మారితే నీళ్లు పెట్టాల్సిన వేళ వచ్చింది. పసుపు రంగు వచ్చేదాకా ఆగకూడదు.

మెరక_వీధి (రామచంద్రపురం) – ఫిబ్రవరి 11, ఉదయం 9:00

రేగడి నేల ఉన్నవాళ్లకి ఒక మాట. మా దగ్గర వేసవిలో నేల నెర్రెలిస్తుంది. ఆ కదలికకి పీవీసీ పైపు అతుకుల దగ్గర, ముఖ్యంగా ఎల్బోల దగ్గర విడిపోతుంది. పైకి తడి కనిపించదు, నీరంతా నెర్రెలోకే పోతుంది. అందుకే నెర్రెలు రాకముందే లైన్లు చూసుకోవాలి, తర్వాత నేల మరీ ఎండకుండా కాపాడుకోవాలి. పందికొక్కుల బొరియలు కూడా చూడండి. పైపు పక్కనే గుల్ల చేస్తాయి, డ్రిప్ గొట్టాలైతే కొరికేస్తాయి.

శివారు_రైతు (నరసాపురం దగ్గర) – ఫిబ్రవరి 11, మధ్యాహ్నం 2:25

అందరూ బాగా చెబుతున్నారు కానీ నాకు మనసు కష్టంగా ఉందండి. మాది కాలువ శివారు. దాళ్వా ఆఖర్లో వంతుల వారీగా నీళ్లిస్తారు, మా వంతు వచ్చేసరికి కాలువలో అడుగు నీరు ఉండదు. మే నెలలో ఊరి మంచినీళ్ల చెరువు అడుగంటితే ట్యాంకరు కోసం బిందెలు వరస పెట్టుకుంటాం. అలాంటి రోజుల్లో గడ్డికి వేల లీటర్లు పోయడం గురించి ఇంత చర్చ అవసరమా?

కాలువగట్టు – ఫిబ్రవరి 11, సాయంత్రం 4:10

రైతు గారూ, మీరు అడిగింది న్యాయమైన ప్రశ్న. లెక్క ఎవరూ దాచకూడదు. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు నీరంటే ఒక లీటరు. ఎండల్లో రోజుకి 5 మిల్లీమీటర్లు అనుకుంటే 100 గజాల లాన్‌కి సుమారు 420 లీటర్లు. తణుకు గారి 250 గజాలకి వెయ్యి లీటర్లు పైనే. చిన్న మాట కాదు.

నేను ఈ చర్చలోకి వచ్చింది కూడా అందుకే. లోపం సరిచేయకుండా టైము పెంచేవాళ్ల ఇంట్లో ఆ వెయ్యి లీటర్లు కాస్తా రెండు వేలు అవుతాయి, లాన్ మాత్రం అలాగే ఎండుతుంది. అదే బోరు, అదే భూగర్భ జలం, పక్క ఊరి బావికీ అదే ఆధారం. కారే వాల్వు ఒకటి బాగుచేస్తే మిగిలేది మీ నీళ్లే.

కడియం_మొక్కలు – ఫిబ్రవరి 11, సాయంత్రం 6:35

గడ్డి అమ్మేవాణ్ని, అయినా చెబుతున్నాను. నీటి ఎద్దడి ఉన్న ఊళ్లలో పెద్ద లాన్ వద్దండి. కూర్చునే చోట, పిల్లలు ఆడే చోట ఉంచుకుని మిగతాది పొదలు, నేల పాకే మొక్కలు వేసి డ్రిప్ పెట్టుకోండి. ఉన్న లాన్ తీయలేకపోతే గరిక జాతికి మారండి. గరిక ఉప్పునీ ఎద్దడినీ ఓర్చుకుంటుంది. ఎండల్లో పైకి గోధుమ రంగుకి తిరిగినా దుంప బతికే ఉంటుంది, తొలకరి పడగానే చిగురిస్తుంది. వేసవంతా పచ్చగా ఉండి తీరాలన్న పట్టుదల వదిలేస్తే సగం నీళ్లు మిగులుతాయి.

శివారు_రైతు – ఫిబ్రవరి 11, రాత్రి 8:00

ఆ మాట అన్నందుకు సంతోషం. వాల్వులు బాగుచేసుకోండి, నేను కాదనను.

పచ్చిక_తణుకు – ఫిబ్రవరి 12, ఉదయం 7:30

రైతు గారి మాట మా ఇంట్లో అందరం చదివాం. గోడ వారగా నీడలో ఉన్న భాగం ఎలాగూ పల్చగా ఉంటోంది, దాన్ని ఈ ఏడు తీసేసి నంది వర్ధనం, మందారం వేద్దామనుకుంటున్నాం.

ఒకటో లైను వాల్వు విప్పాను. మేస్త్రి గారు చెప్పినట్టే డయాఫ్రం అంచున తెల్లటి పొట్టు ఇరుక్కుని ఉంది. కడిగి పెట్టాక కారడం ఆగింది. ఇక మచ్చలున్నది రెండో లైన్లో. అక్కడ హెడ్లన్నీ లేస్తున్నాయి, నిటారుగానే ఉన్నాయి. కంటికి తేడా కనిపించట్లేదు. ఇంకేం చూడాలి?

కాలువగట్టు – ఫిబ్రవరి 12, ఉదయం 8:15

కంటికి కనిపించనప్పుడు డబ్బాలు పెట్టాలి. నిటారు గోడలున్న ఒకే సైజు డబ్బాలు ఎనిమిది తీసుకోండి. ఆ లైను పరిధిలో సమాన దూరాల్లో పెట్టండి. కొన్ని హెడ్ల దగ్గర, కొన్ని మధ్యలో ఉండేలా చూడండి. గాలి లేని తెల్లవారుజామున 15 నిమిషాలు వదిలి, ఒక్కో డబ్బాలో నీరు ఎన్ని మిల్లీమీటర్లో స్కేలుతో కొలవండి. ఏ డబ్బా ఎక్కడ పెట్టారో బొమ్మ గీసి అంకెలు దాని మీదే రాయండి.

తర్వాత అన్నింటి సగటు తీయండి. తక్కువ వచ్చిన రెండు డబ్బాల సగటు విడిగా తీయండి. ఈ రెండోది మొదటిదాంట్లో ఎన్ని పాళ్లో చూడండి. నూటికి 70 ఉంటే లైను బాగున్నట్టు. 50 లోపు ఉంటే టైము ముట్టుకోవద్దు, ముందు రిపేరు చేయించాలి.

పచ్చిక_తణుకు – ఫిబ్రవరి 13, ఉదయం 7:05

ఇవిగోండి: 9, 8, 8, 7, 6, 5, 3, 2. సగటు 6. ఆఖరి రెండింటి సగటు రెండున్నర. అంటే నూటికి 42. ఆ 3, 2 వచ్చిన డబ్బాలు రెండూ పక్కపక్కనే, మూడో హెడ్‌కీ నాలుగో హెడ్‌కీ మధ్య. మచ్చ సరిగ్గా అక్కడే!

పైపుల_మేస్త్రి – ఫిబ్రవరి 13, ఉదయం 7:40

దొరికింది. ఆ రెండు హెడ్ల నాజిళ్లూ తిప్పి తీయండి. నాజిల్ కింద బుట్టలాంటి చిన్న జల్లెడ ఉంటుంది, వెలుగులో పెట్టి చూడండి. బోరు నీళ్ల సున్నం తెల్లగా గట్టిపడి కన్నాలు మూసేసి ఉంటుంది. తెల్ల వెనిగర్‌లో కొన్ని గంటలు నానబెట్టి పాత టూత్‌బ్రష్‌తో తోమండి. నాజిల్ కన్నంలో పిన్నీసు, సూది పెట్టకండి. కన్నం పెద్దదైతే చిమ్మే తీరే మారిపోతుంది.

నాజిళ్లు బయట ఉన్నప్పుడే ఆ లైను ఒక నిమిషం వదిలితే పైపులో ఉన్న ఇసుక కూడా పోతుంది. ముందు మోటారు దగ్గరి ఫిల్టరు కడగండి, తర్వాత లైను కడగండి, ఆఖరున నాజిళ్లు బిగించండి. ఈ వరస తప్పితే చేసిన పనే మళ్లీ చేయాలి. కాలువ నీళ్లు వాడేవాళ్లకి సున్నం బదులు నాచు, ఒండ్రు వస్తాయి. వాళ్లు డిస్క్ ఫిల్టరు విప్పి ఒక్కో బిళ్లా విడదీసి కడగాలి. పైపై కడుగు చాలదు.

లంకనేల (రావులపాలెం దగ్గర) – ఫిబ్రవరి 13, ఉదయం 11:20

మా బోరు నీళ్లు తోడినప్పుడు తేటగా ఉండి, బకెట్‌లో గంట ఉంటే ఎర్రబారతాయి. డ్రిప్ చుక్కల కన్నాల్లో ఎర్రటి జిగురు. ఇది కూడా వెనిగర్‌తో పోతుందా?

కాలువగట్టు – ఫిబ్రవరి 13, మధ్యాహ్నం 12:05

అది ఇనుము. గాలి తగలగానే తుప్పుగా మారుతుంది, దాన్ని తినే సూక్ష్మజీవుల వల్ల ఆ జిగురు. కన్నాలు కడిగినా మళ్లీ వస్తుంది. నీటిని నేరుగా లైన్లోకి పంపకుండా, పైనుంచి తుంపరగా ట్యాంకులో పడేలా చేసి ఒక రాత్రి తేరనివ్వండి. అడుగు నుంచి కాకుండా కొంచెం పై నుంచి తీసుకుని ఫిల్టరు గుండా వదలండి. అడుగున చేరిన మడ్డి అప్పుడప్పుడు తీసేస్తుండాలి.

పచ్చిక_తణుకు – ఫిబ్రవరి 15, ఉదయం 7:45

మూడో హెడ్ నాజిల్ జల్లెడ సున్నంతో దాదాపు పూర్తిగా మూసుకుపోయింది. నాలుగో హెడ్ కడియం వారు చెప్పిన రకం. లేచాక కూడా నాజిల్ గడ్డిలోనే ఉంది, పైనుంచి చూస్తే తెలియలేదు, నేల మీద చెంప ఆనించి చూస్తే తెలిసింది. రైజరు మార్పించాం. ఇవాళ మళ్లీ డబ్బాలు పెట్టాను: 9, 8, 8, 7, 7, 6, 5, 5. నూటికి 73 వచ్చింది. నిన్నటిదాకా ఆ మచ్చ మీద 5 మిల్లీమీటర్లు పడాలంటే అరగంట వదలాల్సి వచ్చేది. ఇప్పుడు 15 నిమిషాలు చాలు! సగం నీళ్లు, సగం కరెంటు.

ఇక టైమరు ఎలా పెట్టుకోవాలి? 15 నిమిషాలూ ఒకేసారి వదిలితే ఆఖర్లో నీరు కాలిబాట మీదికి పారుతోంది.

కడియం_మొక్కలు – ఫిబ్రవరి 15, ఉదయం 9:10

మీది బంక నేల కాబట్టి నీరు మెల్లగా ఇంకుతుంది. ఐదేసి నిమిషాలు మూడు దఫాలు పెట్టండి, మధ్యలో అరగంట విరామం. నాలుగు లైన్లూ వరసగా తిప్పితే ఆ విరామంలో పావుగంట దానంతటదే వస్తుంది. తెల్లవారుజామున నాలుగింటికి మొదలుపెట్టి ఎండ రాకముందే ముగించండి. సాయంత్రం పెడితే మన ఉక్కపోతకి ఆకులు రాత్రంతా తడిగా ఉండి బూజు తెగుళ్లు వస్తాయి. ఇప్పట్నుంచే రోజూ పెట్టక్కర్లేదు. ఈ నెలంతా రెండు మూడు రోజులకోసారి, అడుగు గుర్తు చూసి పెట్టండి. వేళ్లు లోతుకి దిగుతాయి, వేసవిలో అదే కాపాడుతుంది. నీరు ఎంత లోతుకి ఇంకిందో తెలియాలంటే పొడుగు స్క్రూడ్రైవరు గుచ్చి చూడండి, తడి ఉన్నంత వరకూ తేలిగ్గా దిగుతుంది. ఎండలు ముదిరాక గడ్డిని మరీ పొట్టిగా కత్తిరించకండి.

పైపుల_మేస్త్రి – ఫిబ్రవరి 15, రాత్రి 8:30

టైమరు బ్యాటరీ మార్చారా? వేసవిలో కరెంటు పోయి వస్తుంటుంది. లోపలి బ్యాటరీ చచ్చిపోతే గడియారం తప్పుతుంది. కొన్ని టైమర్లు పాత ప్రోగ్రాం మర్చిపోయి కంపెనీ పెట్టిన టైముకే నడుస్తాయి, మిట్టమధ్యాహ్నం స్ప్రింక్లర్లు లేస్తాయి. బ్యాటరీ మార్చాక ఒకసారి మెయిన్ ఆపి, కాసేపాగి వేసి టైము నిలిచిందో లేదో చూడండి. ప్రోగ్రాం ఒకటే ఉందా, ఎవరైనా రెండోది కూడా పెట్టి వదిలేశారా అన్నదీ చూసుకోండి.

ఏదైనా లైను టైమరుతో తెరుచుకోక, వాల్వు కాయిల్ చేత్తో తిప్పితే తెరుచుకుంటే తప్పు వైరుదో కాయిల్‌దో. టైమరు నుంచి వైర్లు విడదీసి మీటరుతో కాయిల్ ఓములు చూస్తే ఎక్కువ వాటికి 20 నుంచి 60 మధ్య వస్తుంది. అసలు రాకపోతే తెగింది, సున్నాకి దగ్గరైతే కాలింది. ఈ వాల్వులు 24 వోల్టులవే, కానీ మోటారు వైపు అలా కాదు. అక్కడ చేయి పెట్టేముందు మెయిన్ ఆపాలి, ఎర్తింగ్ ఉందో లేదో చూపించుకోవాలి. తడి నేల మీద చెప్పుల్లేకుండా నిలబడి మోటారు ముట్టుకోవద్దు, పిల్లల్ని అటు రానివ్వొద్దు.

అమలాపురం_అక్క – ఫిబ్రవరి 16, ఉదయం 10:40

మాది ఇసుక నేల, ఐదేసి నిమిషాల పద్ధతి మాకూ పనికొస్తుందా?

కడియం_మొక్కలు – ఫిబ్రవరి 16, ఉదయం 11:15

ఇసుకలో పారుడు ఉండదండి, నీరు వెంటనే దిగిపోతుంది. మీరు విరామాలు పెట్టక్కర్లేదు. ఒక్కోసారి పెట్టే నీరు తగ్గించి, తరచుగా పెట్టండి. ఎక్కువ పోస్తే వేళ్లు దాటి కిందికి పోతుంది, వేసిన ఎరువు కూడా దాంతోనే పోతుంది. ఏటా బాగా మాగిన పశువుల ఎరువు పల్చగా చల్లితే నేల నీరు పట్టుకోవడం నేర్చుకుంటుంది. కొబ్బరి చెట్లు దగ్గరుంటే వాటి వేళ్లు కారే అతుకుల్లోకి దూరతాయి. చెట్టు వైపున్న లైన్లో నీళ్లు తగ్గితే ముందు అక్కడే తవ్వి చూడండి.

పచ్చిక_తణుకు – ఫిబ్రవరి 16, రాత్రి 9:25

బ్యాటరీ మార్చాను. పాత ప్రోగ్రాం కింద రెండోది కూడా ఉంది, తీసేశాను. మూడు, నాలుగు లైన్లకి డబ్బాల పరీక్ష వచ్చే ఆదివారం. కాలువగట్టు గారు చెప్పిన కాగితం సిద్ధం చేసి మోటారు గది తలుపు లోపలి వైపు అంటించాను: లైను వారీగా నిమిషానికి లీటర్లు, గేజ్ అంకె, టీడీఎస్, సంపు నిండే టైము. కాలువ కట్టేసిన వారం తర్వాత ఒకసారి, మే మధ్యలో ఒకసారి మళ్లీ తీసి ఇక్కడే పెడతాను. భీమవరం, నరసాపురం వైపు వాళ్లు కూడా తమ టీడీఎస్ అంకెలు పెడితే ఏ నెలలో ఎక్కడ ఉప్పు పెరుగుతోందో అందరికీ తెలుస్తుంది.

భీమవరం_బోరు – ఫిబ్రవరి 16, రాత్రి 9:50

తప్పకుండా పెడతానండి. ఎన్ని అడుగుల బోరో కూడా రాయండి, లోతు తెలియకపోతే అంకెలు పోల్చలేం.